బరువును మోసేది ఏది? గుడ్డతో, నారతో శిల్పం నేర్చుకోదలచిన పాఠకురాలికి

ప్రశ్న: చాలా ఏళ్లుగా బంకమట్టితో శిల్పాలు చేస్తున్నాను. భుజం నొప్పి వల్ల బరువులు ఎత్తవద్దని, మట్టి పిసకడం బాగా తగ్గించమని వైద్యులు చెప్పారు. కుట్టుపని వచ్చు కనుక గుడ్డతో, నారతో తేలికైన శిల్పాలు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఇంతవరకు రెండు చేశాను. గుడ్డను తెల్ల జిగురులో ముంచి చేసిన కొంగ మొదట బాగానే నిలబడింది కాని, కొద్ది రోజులకే మెడ వాలిపోయింది. దానికి తోడు ఒళ్లంతా ప్లాస్టిక్ లాంటి మెరుపు వచ్చింది. దూది కూరి చేసిన ముసలమ్మ, కూర్చున్న భంగిమ, శిల్పంలా కాక పిల్లలు ఆడుకునే బొమ్మలా కనిపిస్తోంది. లోపం ఎక్కడుంది? ఏ వరుసలో నేర్చుకోవాలి? గురువు లేకుండా ఇది సాధ్యమేనా? ఇలా చేసినవి ఎంతకాలం నిలుస్తాయి?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీ రెండు ప్రయత్నాల వివరాలూ చదివాక, లోపం మీ చేతిపనిలో లేదని నమ్మకంగా చెప్పగలను. మట్టిలో రూపమూ, ఆ రూపాన్ని నిలబెట్టే బలమూ ఒకే పదార్థంలో ఉంటాయి. మీరు బొటనవేలితో నొక్కి చెంపను తీర్చినప్పుడు, ఆ చెంపను మోసే గోడ కూడా అదే నొక్కుతో తయారవుతుంది. గుడ్డ విషయంలో ఈ రెండూ విడిపోతాయి. గుడ్డ సాగుతుంది, వేలాడుతుంది, ముడత పడుతుంది, ఎలాంటి ఒంపుకైనా లొంగుతుంది కాని, తనంతట తాను నిలబడదు. అందువల్ల ఏ పని మొదలుపెట్టినా, గీత గీయడానికంటే ముందు, దీని బరువును ఏది మోస్తుందన్న ప్రశ్న వేసుకోవాలి. లోపల గట్టిగా కూరిన దూది మోయవచ్చు, తీగతో కట్టిన ఎముక మోయవచ్చు, గట్టిపడిన పై పెంకు మోయవచ్చు, లేదా పైనుంచి వేలాడదీసినప్పుడు దారంలో పుట్టే బిగువే మోయవచ్చు. ఈ నాలుగింటిలో ఏది మోస్తుందో ముందే తేల్చుకోకుండా మొదలుపెట్టిన పని ఎంత అందంగా కుట్టినా కూలుతుంది. మీ కొంగకు జరిగింది ఇదే.

మీరు వాడిన తెల్ల జిగురు సాధారణంగా పీవీఏ, అంటే పాలీవినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ సూక్ష్మ రేణువులుగా నీటిలో కలిసి ఉన్న ద్రవం. నీరు ఆరిపోయాక గుడ్డ పోగుల మధ్య మిగిలేది పలచని ప్లాస్టిక్ పొర. ఆ ప్లాస్టిక్ సుమారు 30 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడుతుంది. అంతకంటే చల్లగా ఉన్న గదిలో కూడా, ఒకే దిక్కుకు బరువు ఎడతెగకుండా లాగుతూ ఉంటే, కంటికి తెలియనంత నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. ఒంటి నుంచి ముందుకు చాచిన పొడుగాటి మెడ, దాని చివర తల, తల చివర ముక్కు ఉన్న కొంగలో, మెడ మొదలు దగ్గర పడే లాగుడు చాలా ఎక్కువ. తెల్ల జిగురు పొరలను అతికించడానికీ, ఒంపును పట్టి ఉంచడానికీ చక్కగా పనికివస్తుంది కాని, ఒంటరిగా ఎముక పని చేయలేదు. మెడ, కాలు, చాచిన చేయి, విప్పిన రెక్క, ఇలా ఒంటి నుంచి బయటికి పొడుచుకువచ్చే ప్రతి భాగంలోనూ తీగ ఉండవలసిందే.

తీగను ముక్కలుగా కట్టి అతికించడం కంటే ఒకే పొడవులో నడిపించడం మేలు. ఒక తీగను మధ్యకు మడిచి, ఆ మడత తలలోకి వచ్చేలా ఉంచి, రెండు పోగులనూ కలిపి పురిపెడితే మెడ అవుతుంది. పురిని ఒంటి పొడవునా దించి, తుంటి దగ్గర విడదీస్తే రెండు పోగులు రెండు కాళ్లవుతాయి. పాదాల కింద మరో పది సెంటీమీటర్లు మిగిల్చి, ఆ మిగులును చెక్క పీటలో తొలిచిన రంధ్రాల్లోకి దింపి వంచితే, తల బరువు నేరుగా పీటలోకి దిగుతుంది. గుడ్డ మీద ఏ భారమూ పడదు. తీగ జింకు పూత పూసినదో, అల్యూమినియందో అయి ఉండాలి. మామూలు ఇనుప తీగ జిగురులోని తడికే తుప్పు పట్టి, ఆ మరక కొన్నాళ్లకు గుడ్డ పైకి వస్తుంది. వట్టి తీగ మీద గుడ్డ నిలవదు, జారి తిరుగుతుంది. కాబట్టి సన్నని గుడ్డ పీలికలను జిగురులో తడిపి తీగ పొడవునా బిగుతుగా చుట్టి, ఆరాకనే పై పని మొదలుపెట్టాలి. నిలకడ విషయంలో మట్టికీ గుడ్డకూ తేడా లేదు. శిల్పం బరువుకు కేంద్రమైన చోటు నుంచి దించిన తూకపు దారం రెండు పాదాల మధ్య పడాలి. కొంగ మెడను వెనక్కి ఒంపి మళ్లీ ముందుకు తిప్పితే తల పాదాల మీదికి వస్తుంది, మోయడం తేలికవుతుంది.

ఇప్పుడున్న కొంగను పారవేయనక్కరలేదు. వేడికి మెత్తబడటమన్న ఆ జిగురు స్వభావమే మీకు ఇక్కడ సాయపడుతుంది. కడుపు కింద కుట్టు వెంట కోసి, పైన చెప్పినట్లు చుట్టిన తీగను లోపలికి పంపి, హెయిర్ డ్రయ్యర్‌తో మెడను నిదానంగా వేడి చేస్తే గుడ్డ మళ్లీ మాట వింటుంది. కావలసిన ఒంపు తిప్పి, చల్లారేవరకు పట్టుకుంటే చాలు.

మెరుపు గురించి అడిగారు. జిగురు పోగుల్లోకి ఇంకకుండా పైన పొరలా పేరుకుంటే మెరుపు వస్తుంది. నూలు, నార, జనుము వంటి సహజమైన పోగులు జిగురును తాగుతాయి, పాలిస్టర్ తాగదు. చేతిలో ఉన్న గుడ్డ ఏదో తెలియకపోతే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద కాల్చి చూడండి. నూలుపోగు కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుస్తుంది, పాలిస్టర్ పోగు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలుగుడ్డను కూడా గంజి పోయేలా వేడినీటిలో ఉతికి వాడాలి. జిగురు రెండు పాళ్లు, నీరు ఒక పాలు కలిపి, గుడ్డను ముంచి, రెండు వేళ్ల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి పిండి, పరిచిన తరువాత తడి స్పాంజితో పైపైన ఒకసారి తుడవండి. అన్నిటికంటే పై పొరకు తెల్ల జిగురును మాని, మిథైల్ సెల్యులోజ్ పొడిని నీటిలో నానబెట్టి చేసిన జిగురును వాడితే మెరుపు దాదాపు ఉండదు. పాత కాగితాలను, పుస్తకాలను బాగుచేసేవారు వాడేది కూడా అదే. రంగు వేయదలచుకుంటే జిగురు పట్టకముందే గుడ్డకు అద్దకం వేయాలి. జిగురు పట్టిన పోగు రంగును లోపలికి రానివ్వదు.

ఇక మీరు ముందుగా దేన్ని నేర్చుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను. మట్టి తెలిసిన మనిషి మొదట పట్టవలసినది గుడ్డ పెంకు పద్ధతి. మీ పాత విద్య వృథా కాకుండా, మీ భుజం మీద భారం పడకుండా, బోలుగా, తేలికగా, పెద్దవిగా చేయగల మార్గం ఇదే. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. చైనాలో పుట్టి, ఎనిమిదో శతాబ్దపు జపాన్‌లో పరాకాష్ఠకు చేరిన విద్య ఇది. అక్కడి శిల్పులు కర్ర చట్రం మీద మట్టితో రూపం చేసి, దానిపై లక్క చెట్టు పాలలో తడిపిన జనపనార గుడ్డను పొరలు పొరలుగా అతికించి, ఆరాక కోసి లోపలి మట్టిని తీసివేసేవారు. బోలుగా మిగిలిన గుడ్డ పెంకులో ముడుచుకుపోకుండా తేలికపాటి చెక్క ఆధారాలు అమర్చి, ముఖం, వేళ్లు, పెదవులు వంటి సున్నితమైన భాగాలను లక్కపాలలో పొట్టు, పీచుపొడి కలిపిన ముద్దతో తీర్చేవారు. నారా నగరంలోని కొఫుకుజి ఆలయంలో 734లో ఇలా చేసిన అసుర విగ్రహం ఇప్పటికీ ఉంది. మూడు ముఖాలు, ఆరు చేతులు, 153 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఆ విగ్రహం బరువు సుమారు 15 కిలోలు మాత్రమే. ఆ ఆలయం ఎన్నోసార్లు తగలబడింది. విగ్రహం దక్కడానికి, మనుషులు ఎత్తుకుని బయటికి తేగలిగినంత తేలికగా ఉండటం కూడా ఒక కారణమని చెబుతారు. ఒత్తిన పెదవి, ముడిపడిన కనుబొమల మధ్య కనిపించే ఆ దిగులు ఒక గుడ్డ పెంకు మీదిదని తెలిసినప్పుడు, గుడ్డతో లోతైన శిల్పం రాదన్న మాట ఎవరూ అనలేరు. పచ్చి లక్కపాలు చర్మానికి తగిలితే తీవ్రమైన దద్దుర్లు వస్తాయి కనుక మీరు దాని జోలికి పోకండి. పద్ధతిని తీసుకుని జిగురును మార్చుకుంటే చాలు.

మొదట లోపలి దిమ్మె. దాన్ని పూర్తిగా మట్టితో చేయకండి. పాత కాగితాలను ఉండలుగా నలిపి, అంటుపట్టీతో బిగించి ముతక ఆకారం తెచ్చుకుని, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన మాత్రమే మట్టి పట్టించి రూపం తీర్చండి. ఎత్తవలసిన మట్టి బరువు ఎంతో తగ్గుతుంది. తరువాత పల్చని ప్లాస్టిక్ పొరను ఒంపుల్లోకి నొక్కుతూ కప్పితే మట్టి గుడ్డకు అంటుకోదు. ఇప్పుడు గుడ్డ. పడుగుకూ పేకకూ అడ్డంగా, దర్జీలు క్రాస్ అనే ఏటవాలు దిక్కున, మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పీలికలు కత్తిరించుకోండి. నిలువుగా కత్తిరించిన పీలిక గుండ్రని చోట ముడత పడుతుంది, ఏటవాలు పీలిక సాగి ఒంపులో ఒదిగిపోతుంది. బుగ్గ మీద ఒకే చోట రెండు రకాల పీలికలూ పరిచి చూస్తే ఈ తేడా మీ వేళ్లకే తెలుస్తుంది. పీలికను మధ్యలో అద్ది, బొటనవేలితో అంచుల వైపు తోసుకుంటూ పోవాలి. గాలి బుడగ మిగిలిన చోట పొరలు అతుక్కోవు, అతుక్కోని చోట బలం ఉండదు. మొదటి పొరకు కట్టుకట్టే గుడ్డలాంటి పల్చని నేత వాడితే మీరు మట్టిలో తీర్చిన సన్నని గీతలు కూడా లోపలి వైపున అచ్చుపడతాయి. పై పొరలకు కాస్త ముతకది వాడవచ్చు. రెండు పొరలు వేశాక పూర్తిగా ఆరనిచ్చి, దిక్కు మార్చి మరో రెండు, ఆ తరువాత చివరిది వేయండి. రెండడుగుల లోపు శిల్పానికి ఐదు పొరలు సాధారణంగా సరిపోతాయి.

పొరలు అతుక్కోవడం మీద ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. పొరలన్నీ ఒకటిగా అతుక్కున్న పెంకు మందం రెట్టింపయితే, వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అదే పొరలు విడిపోయి ఒకదానిపై ఒకటి జారుతుంటే ఆ శక్తి రెండు రెట్లకు మించదు. అదే గుడ్డ, అదే జిగురు, అదే బరువు. బలంలో మాత్రం ఇంత తేడా. ఒంపు కూడా ఇలాగే పనిచేస్తుంది. సమతలంగా ఉన్న కాగితాన్ని ఒక అంచున పట్టుకుంటే వాలిపోతుంది, కొంచెం దోనెలా వంచి పట్టుకుంటే నిటారుగా నిలుస్తుంది. అందుచేత గుడ్డ పెంకు శిల్పంలో వెడల్పాటి చదును భాగాలు పెట్టకండి. వీపు చదునుగా ఉండవలసి వస్తే దాని మీదుగా కొంగు ముడతో, వస్త్రపు కుచ్చో, వెన్నెముక గాడో నడిపించండి. అలంకారం అనిపించే ఆ ముడతే అక్కడ దూలంగా పనిచేస్తుంది.

కోసే ముందు ఒక పని మరిచిపోవద్దు. కోత ఎక్కడ రావాలో గీసుకున్నాక, ఆ గీతకు అడ్డంగా అక్కడక్కడ చిన్న గీతలు గీసి ఉంచండి. రెండు ముక్కలనూ మళ్లీ కలిపేటప్పుడు ఆ అడ్డగీతలు ఎదురెదురుగా వస్తే శిల్పం మెలితిరగకుండా కలుస్తుంది. పదునైన బ్లేడుతో, నీడ పడే వైపున, చేయి కిందనో జుట్టు అంచునో కోత పెట్టి, పెంకును నెమ్మదిగా తెరిచి దిమ్మెను తీసేయండి. లోపలి అంచుల మీద జిగురు పీలికలు వేసి కలిపి, పైన కనిపించే సందును రంపపు పొట్టూ జిగురూ కలిపిన ముద్దతో పూడ్చి, ఆరాక సన్నని గరుకు కాగితంతో రుద్దండి. పెద్ద శిల్పమైతే కలపకముందే లోపల అట్టముక్కలతో అడ్డు పక్కటెముకలు పెట్టడం మంచిది. ఇలా చేసినది ఎంత పెద్దదైతే అంత లాభం. కొలతలన్నీ రెట్టింపు చేస్తే నిండు మట్టి విగ్రహం బరువు ఎనిమిది రెట్లవుతుంది, అదే మందం గల గుడ్డ పెంకు బరువు నాలుగు రెట్లే అవుతుంది.

ముసలమ్మ సంగతికి వస్తాను. దూది కూరిన రూపం బొమ్మలా కనిపించడానికి తరచుగా మూడు కారణాలు కలుస్తాయి. ఒళ్లంతా ఒకే బిగువున కూరడం, కుట్లు ఎక్కడ సులువో అక్కడ పడనివ్వడం, ముఖం మీద కళ్లూ నోరూ దారంతో గీయడం. దూది కూరిన గుడ్డలో ఆకారాన్ని నిర్ణయించేది దూది కాదు, ముక్కల కత్తిరింపు. ఇది చేతికి ఎక్కాలంటే ఒక బంతి కుట్టి చూడండి. చుట్టుకొలత 36 సెంటీమీటర్ల బంతికి, రెండు కొసలా సన్నగా ఉండి మధ్యలో 6 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఆకులాంటి ముక్కలు ఆరు కావాలి. కుట్టులో పోయే అంచును అదనంగా ఉంచుకోవాలి. అది కుట్టాక, ఒక ముక్కను మాత్రం మధ్యలో కాకుండా కిందికి వెడల్పు చేసి మరో బంతి కుట్టండి. బంతి ఒక పక్కకు బరువుగా వాలి పొట్టలా కనిపిస్తుంది. మూడోసారి అవే ముక్కలను గుడ్డ మీద ఏటవాలుగా పెట్టి కత్తిరించండి. ఈ బంతి దూది పడే కొద్దీ సాగి ఉబ్బుతుంది. ఈ మూడు బంతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కత్తెరతో మట్టిని తీర్చడం ఎలాగో మీకు తెలిసిపోతుంది. వంపు తిరిగిన కుట్టుల అంచున చిన్న చిన్న గంట్లు పెట్టి తిప్పితే ముడతలు రావు.

దూదిని పిడికెళ్లతో కాక, చిన్న చిన్న తునకలుగా కర్రపుల్లతో తోసుకుంటూ కూరండి. మోకాలు, మోచేయి, భుజం మూపు వంటి ఎముక తేలే చోట్ల రాయిలా, పొట్ట, పైచేయి, చెంప కింద వదులుగా ఉండనివ్వండి. వృద్ధాప్యం అంటే చర్మం ఎముకను వదిలి జారడమే కదా, వదులుగా కూరిన గుడ్డ ఆ జారుడును మట్టికంటే నిజాయితీగా చూపుతుంది. నాకు గుడ్డ శిల్పంలో అన్నిటికంటే ఇష్టమైన గుణం ఇదే. ముఖంలో కళ్లు గీయకండి. పొడవాటి సూదితో కంటి గుంట దగ్గర గుచ్చి, తల వెనుక నుంచి తీసి, దారం లాగి ముడివేస్తే గుంట లోపలికి పోయి నీడ పడుతుంది, ఆ నీడే చూపు అవుతుంది. కుట్టును దాచాలన్న దర్జీ అలవాటును కూడా వదులుకోవలసి ఉంటుంది. గుడ్డ మీద మీకున్న ఏకైక గీత కుట్టు. దవడ అంచున, ముక్కు పక్కన, మెడ నరం వెంట ఎక్కడ గీత గీస్తారో అక్కడ కుట్టు పడేలా ముక్కలు కత్తిరించండి. ఫ్రాన్స్‌లో పుట్టిన అమెరికన్ శిల్పి లూయీజ్ బూర్జువా తన చివరి ఏళ్లలో పాత గుడ్డలతో కుట్టిన తలలను చిత్రాల్లోనైనా చూడండి. ముతక కుట్లు బయటికే కనిపిస్తుంటాయి, ఒక్క తల కూడా ఆటబొమ్మను గుర్తుచేయదు.

వేలాడదీసే పద్ధతి ఇంకో లోకం. 1949లో ముంబయిలో పుట్టి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ వద్ద చదువుకున్న శిల్పి మృణాళినీ ముఖర్జీ, అద్దకం వేసిన నార తాళ్లను మగ్గం లేకుండా, ముందుగా గీసుకున్న బొమ్మ లేకుండా, చేతితో ముడి మీద ముడి వేస్తూ మనిషి ఎత్తును మించిన రూపాలు అల్లారు. పోలండ్‌కు చెందిన మాగ్దలేనా అబకనోవిచ్ 1960ల్లో పాత ఓడతాళ్లను విప్పి, ఆ నారకు రంగులద్ది నేసి, గది కప్పు నుంచి వేలాడే పెద్ద పెద్ద రూపాలు చేశారు. అమెరికాకు చెందిన జానెట్ ఎకల్‌మన్ 1997లో చిత్రప్రదర్శన కోసం మహాబలిపురం వచ్చినప్పుడు ఆమె రంగులు చేరలేదు. తీరంలో జాలరులు కుప్పలుగా పోస్తున్న వలలను చూసి, వాటితోనే శిల్పం మొదలుపెట్టి, తరువాత నగర కూడళ్ల మీద గాలికి కదిలే వలశిల్పాల దాకా వెళ్లారు. వేలాడే పనిలో నిలబెట్టే సమస్య తీరుతుంది కాని, సాగే సమస్య మొదలవుతుంది. ముడులు బరువుకు బిగుసుకుని, మొత్తం రూపం కిందికి జారుతుంది. సగం పని అయ్యాక కొన్ని రోజులు వేలాడదీసి ఉంచి, ఎంత సాగిందో చూసి, మిగతా సగం ఆ లెక్కతో అల్లాలి. మీ భుజానికి మాత్రం ముడులు బిగించే పని మంచిది కాదు. అందుకే దీన్ని మీ వరుసలో చివర పెడతాను.

ఉన్నిని సబ్బునీటితో తడిపి రుద్ది దట్టంగా చేసే ఫెల్ట్ పద్ధతి గురించి క్లుప్తంగానే చెబుతాను. ప్లాస్టిక్ అట్టముక్క చుట్టూ ఉన్ని పరిచి రుద్దితే కుట్టు లేని బోలు రూపం వస్తుంది, కాని ఉన్ని మూడో వంతు వరకు, ఒక్కోసారి అంతకు మించి కుదించుకుపోతుంది. చదరపు నమూనా ఒకటి చేసి, ముందూ తరువాతా కొలిచి, ఆ నిష్పత్తిలో అట్టముక్కను పెద్దదిగా కత్తిరించుకోవాలి. ఇందులోనూ రుద్దుడు శ్రమ ఎక్కువ కనుక మీకు మొదటి ఎంపిక కాదు.

కాబట్టి వరుస ఇది: ముందు ఆ మూడు బంతులు, ఆ తరువాత జానెడు ఎత్తు దాటని గుడ్డ పెంకు తల ఒకటి, దాని తరువాత తీగ ఎముక గల చిన్న పక్షి. ఈ మూడూ చేతికి వచ్చాక ముసలమ్మను మళ్లీ మొదలుపెట్టండి. తల, చేతులు గుడ్డ పెంకుతో, ఒళ్లు దూదితో, వెన్ను తీగతో చేయవచ్చు. ఒకే శిల్పంలో వేర్వేరు భాగాలను వేర్వేరు పద్ధతులు మోయడంలో తప్పేమీ లేదు. ప్రతి కొత్త గుడ్డకూ అరచేయంత ముక్కను జిగురులో తడిపి, గిన్నె మీద బోర్లించి ఆరబెట్టి, వెనుక గుడ్డ పేరు, నీటి పాలు, పొరల సంఖ్య రాసి దాచుకోండి. నలభై యాభై ముక్కలు పోగయ్యేసరికి, ఏ పుస్తకమూ చెప్పలేని సంగతులు ఆ కట్టలో ఉంటాయి.

గురువు లేకుండా ఇది సాధ్యమే. పెంకు పద్ధతిలో సగానికి పైగా మీకు ఇప్పటికే తెలుసు. తెలియని భాగానికి శిల్పి కంటే సోఫాలు కుట్టేవారి పక్కన ఒక పూట కూర్చోవడం ఎక్కువ ఉపయోగం. మూల ఎలా తిప్పుతారో, దూది ఎక్కడ దట్టిస్తారో, బిగువు ఎక్కడ వదులుతారో అక్కడ కనిపిస్తుంది. ఎపాక్సీ, పాలిస్టర్ రెజిన్‌ల వంటి రసాయనాలతో గుడ్డను గట్టిపరిచే పనిని మాత్రం, గాలి ఆడే చోటు, తగిన ముసుగు, చేతి తొడుగులు, దగ్గరుండి చూపే మనిషి లేకుండా ఇంట్లో మొదలుపెట్టవద్దు. ఇంకో జాగ్రత్త: మందమైన గుడ్డలోంచి సూదిని వేళ్లతో లాగకుండా చిన్న పట్టకారుతో లాగండి. పనిని రొమ్ము ఎత్తున ఉన్న తిరుగుడు పీట మీద పెట్టి, మీరు దాని చుట్టూ వంగకుండా దాన్నే తిప్పుకోండి. అప్పుడే భుజానికి విశ్రాంతి దొరుకుతుంది.

ఎంతకాలం నిలుస్తాయన్నది మీరు ఎంచుకునే పదార్థాన్ని బట్టి ఉంటుంది. పన్నెండు వందల ఏళ్లు దాటిన గుడ్డ విగ్రహం గురించి పైన చెప్పాను. దానికి పూర్తి ఎదురుగా, అమెరికన్ శిల్పి ఎవా హెస్సె 1969లో పల్చని గుడ్డకు రబ్బరు పాలు పట్టించి చేసిన శిల్పాల్లో రబ్బరు కొన్ని దశాబ్దాలకే పసుపెక్కి, బిరుసెక్కి, పెళుసుగా మారింది. వాటిలో ఒకదాన్ని న్యూయార్క్‌లోని గుగన్‌హైమ్ మ్యూజియం ఎంతో శ్రమపడి బాగుచేసి 2022లో తిరిగి ప్రదర్శించింది. కాబట్టి నిలవాలనుకున్న పనికి రబ్బరు పాలు వాడకండి. పిండితో కాచిన గంజి చవక, బిగువైనది, మెరుపు లేనిది, కాని తేమకు బూజు పడుతుంది, వెండిచేపల (సిల్వర్‌ఫిష్) వంటి పురుగులకు ఆహారమవుతుంది. మిథైల్ సెల్యులోజ్‌కు ఆ బెడద తక్కువ. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన ఏ గుడ్డ శిల్పమూ పెట్టవద్దు. రంగు వెలవడమే కాదు, పోగే బలహీనపడుతుంది. దుమ్మును తడిగుడ్డతో తుడవకుండా మెత్తని కుంచెతో పైనుంచి కిందికి దులపండి. కరెంటు తీగలు, దీపాలు వేడెక్కే చోటుకు దూరంగా ఉంచండి. ఉన్ని ఉన్న పనికి బట్టల చిమ్మట పురుగు పడుతుంది. పాత ఉన్ని గాని, ఎక్కడినుంచో తెచ్చిన దుప్పటి ముక్క గాని వాడదలిస్తే, పని గదిలోకి తేకముందే ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో కనీసం రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక సంచి పైని తేమ పూర్తిగా ఆరేవరకు విప్పకండి.